చిన్న రోబోలో ఒకే ఎల్‌ఈడీని దీపంగానూ కన్నుగానూ వాడుకోవడం: తల అరగదీయడం, కరెంటు, కాంతిని కొలవడం

చిరుయంత్రం

అందరికీ నమస్కారం. అరచేతిలో ఇమిడే పరిమాణంలో, రెండు చక్రాలపై నడుస్తూ, వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కును వెతుక్కుంటూ వెళ్లే రోబో ఒకటి తయారు చేస్తున్నాను. దానికి మెదడు 5 వోల్టులపై నడిచే ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ (ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్). ముందు వైపు ఎడమన ఒకటి, కుడిన ఒకటి 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీలు ఉన్నాయి. వీటి తల పారదర్శకంగా, గుండ్రంగా ఉండటం వల్ల కాంతి సన్నటి పుంజంగా మాత్రమే ముందుకు వస్తోంది. పక్కనుంచి చూస్తే వెలుగుతున్నట్టే తెలియడం లేదు. తలను అరగదీసి చదును చేస్తే కాంతి నలువైపులా పరుచుకుంటుందని విన్నాను. అలా చేస్తే ఎల్‌ఈడీ పాడవుతుందా, దానికి కట్టే రెసిస్టర్ విలువ మార్చవలసి వస్తుందా అన్నది మొదటి సందేహం.

రెండో సందేహం దీనికి ముడిపడినదే. ఎల్‌ఈడీని కాంతిని గుర్తించే కన్నుగా కూడా వాడవచ్చని చదివాను. బోర్డు మీద చోటు తక్కువ కాబట్టి ఈ రెండు ఎల్‌ఈడీలే దీపాలుగానూ కళ్లుగానూ పనిచేస్తే విడిగా ఫొటోట్రాన్సిస్టర్లు (కాంతిని గుర్తించే భాగాలు) పెట్టే పని తప్పుతుంది. తల అరగదీసిన ఎల్‌ఈడీ కన్నుగా మెరుగవుతుందా, లేక మందగిస్తుందా?

ఆకురాయి

మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. ఎల్‌ఈడీ తల ఒక కటకం, కటకం రెండు దిశల్లోనూ ఒకే తీరుగా పనిచేస్తుంది. ఏ కోణంలోకి కాంతిని ఎక్కువగా పంపుతుందో ఆ కోణం నుంచి వచ్చే కాంతినే ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది. కాబట్టి దీపాన్ని విశాలం చేస్తే కన్ను చూపు కూడా విశాలమవుతుంది, ఎదురుగా ఉన్న వస్తువు విషయంలో మాత్రం రెండింటి బలమూ తగ్గుతుంది.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. ఎల్‌ఈడీని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. చిన్న గిన్నెలాంటి లోహపు అడుగులో చిప్ కూర్చుని ఉంటుంది, దానినుంచి వెంట్రుకకన్నా సన్నటి తీగ వంపు తిరిగి పక్కనున్న లోహపు కాడకు చేరుతుంది. ఎల్‌ఈడీ ప్రాణం ఆ తీగలో ఉంది. ఆ వంపుకు పైన కనీసం ఒక మిల్లీమీటరు ఎపాక్సీ (తలగా పోసిన గట్టి ప్లాస్టిక్) మిగిలేలా గీత గీసుకుని, అక్కడివరకే అరగదీయాలి. మొదట సన్నటి ఆకురాయితో గుండ్రటి భాగాన్ని తీసేసి, తర్వాత ఎమరీ కాగితాన్ని చదునైన పలక మీద పరిచి, నీటి చుక్కలు వేసి, ఎల్‌ఈడీని నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే ముఖం సమంగా వస్తుంది. 220 గ్రిట్‌తో (అంకె పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి 400 దగ్గర ఆపేస్తే పాలగాజులా మసకబారిన ముఖం వస్తుంది. మీ అవసరానికి అదే సరైనది. 600, 1000, 2000 వరకూ వెళ్లి, చివర లోహాలకు మెరుగుపెట్టే పేస్టుతో తుడిస్తే మళ్లీ పారదర్శకమవుతుంది, కానీ దీపానికి అది అక్కర్లేదు.

వేగంగా తిరిగే చేతి యంత్రాలతో ఈ పని చేయవద్దని నా గట్టి సలహా. రాపిడి వేడికి ఎపాక్సీ మెత్తబడి కదిలితే లోపలి తీగ అతుకు తెగుతుంది. అలా తెగిన ఎల్‌ఈడీ ఒక్కోసారి చల్లగా ఉన్నప్పుడు వెలిగి, వేడెక్కగానే ఆరిపోతూ మనను చాలాసేపు తప్పుదారి పట్టిస్తుంది. కాళ్లు వంచేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం: ఎపాక్సీ అడుగునుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో కాలును సన్నటి పట్టుకారుతో బిగించి పట్టుకుని, ఆ పట్టుకు కింది భాగాన్ని మాత్రమే వంచాలి. ముందు వంచడం, ఆ తర్వాతే సోల్డరింగ్. వేడిమీద ఉన్న కాలును లాగకూడదు.

తల అరగదీసే క్రమంలో అంచు మీద ఉండే చదును గుర్తు పోకుండా చూసుకోండి, అది కాథోడ్ (రుణ కొస) వైపును చూపిస్తుంది. కాళ్లు సమానంగా కత్తిరించాక మీకు మిగిలే గుర్తు అదొక్కటే. లోపల పెద్దగా కనిపించే లోహపు ముక్క కాథోడ్ అని చాలామంది లెక్కవేస్తారు. ఎక్కువ ఎల్‌ఈడీలలో అది నిజమే, కానీ తిరగేసి ఉండే రకాలు కూడా ఉన్నాయి కాబట్టి మీటరుతో తేల్చుకోవడం మేలు.

ఓమ్‌రేఖ

రెసిస్టర్ సంగతి నేను చెబుతాను. తల ఆకారం మారితే కాంతి పోయే దారి మారుతుంది తప్ప చిప్ విద్యుత్ స్వభావం మారదు, కాబట్టి రెసిస్టర్ విలువ అలాగే ఉంటుంది. ఎర్ర ఎల్‌ఈడీ మీద సుమారు 2 వోల్టులు నిలుస్తాయి. 5 వోల్టుల సరఫరాలో మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. 20 మిల్లీఆంపియర్లు కావాలంటే 150 ఓమ్‌లు, 9 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 330 ఓమ్‌లు. ఇప్పటి ఎర్ర ఎల్‌ఈడీలకు 9 కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. ఏటీమెగా328పీ పిన్ ఒకదానికి 40 మిల్లీఆంపియర్లు, మొత్తం చిప్‌కు 200 మిల్లీఆంపియర్లు అని తయారీదారు పత్రంలో రాసి ఉండేవి దాటకూడని హద్దులు, రోజూ వాడుకోవలసిన విలువలు కావు. పిన్‌కు 20 లోపే ఉంచండి.

మీ ప్రశ్నలో లేకపోయినా ఒక మాట. రెండు ఎల్‌ఈడీలను సమాంతరంగా కలిపి, రెండింటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టే అలవాటు చాలా పథకాల్లో కనిపిస్తుంది. ఎల్‌ఈడీలో వోల్టేజి కొద్దిగా పెరిగితేనే కరెంటు చాలా పెరుగుతుంది. రెండింటి మధ్య 0.1 వోల్టు తేడా ఉన్నా ఒకటి ఎక్కువ భాగాన్ని లాగేసుకుంటుంది. పైగా చిప్ వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున దాని వోల్టేజి తగ్గుతుంది, అంటే ఎక్కువ తీసుకుంటున్నది ఇంకా ఎక్కువ తీసుకోవడానికి మొగ్గుతుంది. ప్రతి ఎల్‌ఈడీకీ విడి రెసిస్టర్ ఉండాలి.

చిరుయంత్రం

ఇద్దరికీ ధన్యవాదాలు. చిన్న అనుబంధ ప్రశ్నలు రెండు. అరగదీయడం మంచిదే అయితే ఎపాక్సీ మొత్తం తీసేసి చిప్‌ను బయటపెడితే కన్నుగా ఇంకా బాగా పనిచేయదా? రెండోది, 3.3 వోల్టుల బోర్డు మీద తెల్ల ఎల్‌ఈడీని నేరుగా పెట్టినా వెలుగుతోంది, మరి రెసిస్టర్ ఎందుకు?

ఆకురాయి

మొత్తం తీయకూడదు. తీగ తెగడం ఒక కారణం, కాంతి తగ్గడం మరో కారణం. చిప్ తయారైన పదార్థాల వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 3.5 ప్రాంతంలో ఉంటుంది. అంతటి పదార్థం నుంచి నేరుగా గాలిలోకి రావాలంటే కాంతి ఉపరితలానికి నిలువైన రేఖ నుంచి సుమారు 17 డిగ్రీలలోపు రావాలి, మిగతాదంతా లోపలికే తిరిగిపోతుంది. గుణకం 1.5 ఉన్న ఎపాక్సీ మధ్యలో ఉంటే ఆ హద్దు 25 డిగ్రీలవుతుంది. అంటే ఎపాక్సీ రక్షణ కవచం మాత్రమే కాదు, కాంతి బయటపడటానికి మధ్యమెట్టు కూడా. తల గుండ్రంగా ఉండటానికి కారణమూ కొంత ఇదే: గుండ్రటి ఉపరితలాన్ని కిరణాలు దాదాపు నిలువుగా తాకుతాయి, అద్దంలా చదునుగా ఉంటే 42 డిగ్రీలు దాటిన కిరణాలు వెనక్కి మళ్లుతాయి. 400 గ్రిట్ దగ్గర ఆపమన్నది ఇందుకే. మసక ముఖం మీది గరుకు ఆ చిక్కుకున్న కిరణాలలో కొన్నింటికి బయటపడే దారి ఇస్తుంది. చదును చేసి తళతళలాడేలా మెరుగుపెట్టిన ఎల్‌ఈడీ చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ పనిలో వెనకబడుతుంది.

ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్ అతికించాలనుకున్నప్పుడు మాత్రం అద్దంలాంటి ముఖం కావాలి. తలలో ఒక మిల్లీమీటరు రంధ్రాన్ని చేతి డ్రిల్లుతో నెమ్మదిగా వేసి, తీగకు ముందే ఆపి, ఫైబర్ చివరను పారదర్శక ఎపాక్సీతో కూర్చితే కన్నును బోర్డు మీద ఒకచోట పెట్టి చూపును మరోచోటికి తీసుకుపోవచ్చు.

ఓమ్‌రేఖ

తెల్ల ఎల్‌ఈడీ అంటే లోపల నీలి చిప్, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. అందుకే దానికి 3 వోల్టులు దాటి కావాలి. 3.3 వోల్టుల సరఫరాలో 3.1 వోల్టులు అదే తీసుకుంటే రెసిస్టర్‌కు మిగిలేది 0.2 వోల్టు. చిప్ 30 డిగ్రీలు వేడెక్కితే దాని వోల్టేజి 0.06 తగ్గుతుంది, అంటే రెసిస్టర్ మీది వోల్టేజి, దానితోపాటు కరెంటు, దాదాపు మూడోవంతు పెరుగుతాయి. వెలుగుతుంది, నిజమే, ఎంత వెలుగుతుందో మీ చేతిలో ఉండదు. బ్యాటరీ తగ్గినప్పుడు కూడా ఇదే కథ. 5 వోల్టుల మీద 150 ఓమ్‌లతో ఉన్న ఎర్ర ఎల్‌ఈడీ, 4.5 వోల్టులకు దిగితే 20 నుంచి 17 మిల్లీఆంపియర్ల దాకా తగ్గుతుంది, 3.2 వోల్టుల తెల్లది 100 ఓమ్‌లతో 18 నుంచి 13కు పడిపోతుంది. మోటార్లు మొదలైనప్పుడల్లా తెల్ల దీపాలు కునికిపాట్లు పడటానికి కారణం ఇదే.

మోటార్లతో కలిసి ఒకే బ్యాటరీ మీద నిలకడైన వెలుగు కావాలంటే చవకైన ఉపాయం ఒకటుంది. ఒక ఎర్ర ఎల్‌ఈడీని ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ బేస్ నుంచి నేలకు (సరఫరా సున్నా వోల్టుల తీగకు) కట్టి, దానికి పైనుంచి ఒకటి రెండు మిల్లీఆంపియర్లు అందించండి. ఎల్‌ఈడీ మీది సుమారు 1.8 వోల్టులలో బేస్, ఎమిటర్ల మధ్య 0.65 పోగా, ఎమిటర్ రెసిస్టర్ మీద 1.15 వోల్టులు మిగులుతాయి. 56 ఓమ్‌లు పెడితే కలెక్టర్‌లో 20 మిల్లీఆంపియర్లు స్థిరంగా పారతాయి. ఉష్ణోగ్రతతో రెండు వోల్టేజీలూ దాదాపు ఒకే వేగంతో తగ్గుతాయి కాబట్టి తేడా నిలుస్తుంది. ఆ ఎల్‌ఈడీ మీద బయటి వెలుతురు పడకపోవడం మంచిది, ఎందుకో తర్వాత రాసేవారు చెబుతారనుకుంటాను.

తిరుగుకరెంటు

చెబుతాను. చిప్‌లో రెండు రకాల పదార్థం కలిసే చోటు సంధి. కాంతిని పంపే సంధి కాంతిని గ్రహించే సంధి కూడా. అమెరికా ఎలక్ట్రానిక్స్ రచయిత ఫారెస్ట్ మిమ్స్ 1970ల నుంచీ ఈ గుణాన్ని వాడుకుని పరికరాలు చేశారు. మైక్రోకంట్రోలర్ పిన్‌లతోనే, యాంప్లిఫయర్ అక్కర్లేకుండా కొలిచే పద్ధతిని 2003లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో పాల్ డీట్జ్, విలియం యెరాజునిస్, డారెన్ లీ వివరించారు. ఒకే ఎల్‌ఈడీతో ఇటు పంపడం, అటు వినడం చేస్తూ రెండు పరికరాలు మాట్లాడుకోవచ్చని కూడా వారు చూపారు.

పద్ధతి ఇది. ఆనోడ్‌ను (ధన కొసను) రెసిస్టర్ ద్వారా ఒక పిన్‌కు, కాథోడ్‌ను మరో పిన్‌కు కట్టండి. ఆనోడ్ పిన్ పైకి (5 వోల్టులు), కాథోడ్ పిన్ కిందికి (సున్నా) ఉంటే దీపం. తిరగేసి ఆనోడ్‌ను కిందికి, కాథోడ్‌ను పైకి పెడితే సంధి వ్యతిరేక దిశలో 5 వోల్టులకు విద్యుదావేశం నింపుకుంటుంది. ఇప్పుడు కాథోడ్ పిన్‌ను ఇన్‌పుట్‌గా మార్చి వదిలేయండి. సంధి అప్పుడు చిల్లు ఉన్న చిన్న కుండ వంటిది. ఆ చిల్లు ఎంత పెద్దదో పడే వెలుతురు నిర్ణయిస్తుంది. పిన్ ఒకటి నుంచి సున్నాకు మారడానికి పట్టే సమయమే మీ కొలత.

అంకెలు చూద్దాం. సంధి, పిన్, తీగలు కలిపి 30 పికోఫారడ్లు అనుకుని, 5 వోల్టుల నుంచి 2.5కు దిగాలంటే 75 పికోకూలుంబ్‌లు పోవాలి. కాంతి వల్ల పుట్టే కరెంటు 10 నానోఆంపియర్లయితే 7.5 మిల్లీసెకన్లు, 1 నానోఆంపియరయితే 75 మిల్లీసెకన్లు పడుతుంది. వెలుతురు తగ్గితే సమయం పెరుగుతుందన్నమాట. దీపానికి పెట్టిన 330 ఓమ్‌ల రెసిస్టర్ అలాగే ఉన్నా ఇంత చిన్న కరెంటుకు దాని మీద పడేది మైక్రోవోల్టులే కాబట్టి కొలతకు అడ్డురాదు.

ప్రోగ్రామును నేరుగా రిజిస్టర్లతో (పిన్‌లను నడిపే, చిప్ లోపలి గళ్లతో) రాసేవారు ఒక వరుస పాటించాలి. పిన్ దిశా రిజిస్టర్‌లోని బిట్‌ను ముందు, పోర్ట్ రిజిస్టర్‌లోని బిట్‌ను తర్వాత తుడవాలి. తిరగేస్తే ఒక క్షణం పాటు పిన్ నేలకు కలిసి, నింపిన ఆవేశమంతా కొలత మొదలవకముందే పోతుంది. రెండో బిట్‌ను తుడవడం మరిచిపోతే లోపలి పుల్అప్ రెసిస్టర్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగేది), అంటే 20 నుంచి 50 కిలోఓమ్‌లు, వందకు పైగా మైక్రోఆంపియర్లు పోస్తూనే ఉంటుంది, కుండ ఎప్పటికీ ఖాళీ కాదు.

వ్యతిరేక వోల్టేజికి చాలా ఎల్‌ఈడీల పత్రాలు 5 వోల్టుల హద్దు చెబుతాయి, కాబట్టి 5 దాటిన సరఫరా మీద ఈ పని వద్దు.

సందేహి

ఇదంతా వినడానికి బాగుంది, కానీ ఒక ఫొటోట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక ఏడీసీ పిన్ (వోల్టేజిని అంకెగా చదివేది) ఉంటే మైక్రోసెకన్లలో తెమిలే పనికి 75 మిల్లీసెకన్లు ఎదురుచూడటం ఏమి లాభమో నాకు అర్థం కాదు. ఫొటోట్రాన్సిస్టర్ తనలోనే కరెంటును వందల రెట్లు పెంచి ఇస్తుంది. రోబో సెకనుకు అర మీటరు వేగంతో పోతుంటే 75 మిల్లీసెకన్లలో దాదాపు 4 సెంటీమీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. చోటు మిగులుతుందన్న ఒక్క కారణానికి ఇంత తిప్పలు అవసరమా?

తిరుగుకరెంటు

వేగమే ముఖ్యమైతే మీరు చెప్పినదే సరైనది, దానితో నాకు వాదన లేదు. కానీ ఎల్‌ఈడీకి ఉన్న అసలు లాభం చోటు కాదు, రంగు. సిలికాన్ ఫొటోట్రాన్సిస్టర్ కంటికి కనబడే వెలుతురుతోపాటు పరారుణాన్ని కూడా చూస్తుంది. దాని సున్నితత్వపు శిఖరం కంటికి కనపడని ప్రాంతంలోనే, 800 నానోమీటర్లు దాటి ఉంటుంది. తంతువు వేడెక్కి వెలిగే బల్బు ఎక్కువ శక్తిని పరారుణంగానే వదులుతుంది కాబట్టి, అలాంటి బల్బూ ఎల్‌ఈడీ దీపమూ మన కంటికి సమానంగా కనిపించినా ఫొటోట్రాన్సిస్టర్‌కు బల్బే మహా ప్రకాశంగా తోస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ తాను పంపే రంగును, అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యాలను మాత్రమే గ్రహిస్తుంది. పరారుణం దానికి లేనట్టే. ఆకుపచ్చ ఎల్‌ఈడీ ఎరుపును కూడా చూడదు. ఎర్రది, ఆకుపచ్చది, నీలిది పక్కపక్కన పెడితే ఫిల్టర్లు లేకుండానే రంగులను పోల్చవచ్చు, ఫొటోట్రాన్సిస్టర్‌తో అది సాధ్యం కాదు.

అయితే ఎంచుకునేటప్పుడు పారదర్శక తల ఉన్నదే తీసుకోండి, రంగు కలిపిన ఎపాక్సీ కొంత కాంతిని మింగేస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ ఈ పనికి పనికిరాదు. లోపల సొంత చిప్ ఉన్న డబ్ల్యూఎస్2812బీ వంటివీ అంతే, వాటి సంధి మన పిన్‌కు అందదు.

నిశాచరి

గీత వెంట నడిచే రోబోల విషయం కూడా ఇక్కడే చెప్పడం ఉపయోగమనుకుంటాను, ఎందుకంటే చిరుయంత్రం గారు తర్వాత అటే వస్తారు. అక్కడ పరారుణ ఎల్‌ఈడీ కింద నేలమీద వెలుగు వేస్తుంది, పక్కనున్న ఫొటోట్రాన్సిస్టర్ తిరిగి వచ్చేదాన్ని చూస్తుంది. టీసీఆర్‌టీ5000లో ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, తరంగదైర్ఘ్యం 950 నానోమీటర్లు, అత్యధిక స్పందన 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో వస్తుంది. నేలనుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో బిగించడం అందుకే. విడి భాగాలతో సొంతంగా చేసేటప్పుడు ఎల్‌ఈడీ పక్కనుంచి కారే కాంతి నేలను తాకకుండానే నేరుగా ఫొటోట్రాన్సిస్టర్‌లోకి చేరి కొలతను ముంచేస్తుంది. ఇక్కడ తల అరగదీయడం నష్టం, ఇరుకు పుంజమే కావాలి. ఎల్‌ఈడీకి నల్ల హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకునే) గొట్టం తొడగండి, కానీ తొడిగి ఊరుకోకుండా పరీక్షించండి; కంటికి నల్లగా కనిపించే ప్లాస్టిక్‌లు కొన్ని పరారుణాన్ని హాయిగా దాటనిస్తాయి. నల్ల సిరా గీత కూడా అలాగే మోసం చేయవచ్చు.

బయటి వెలుతురును తీసివేయడానికి ఎల్‌ఈడీ ఆపి ఒకసారి, వెలిగించి ఒకసారి చదివి, రెండోదాని నుంచి మొదటిదాన్ని తీసేయండి. ఈ రెండు చదువుల మధ్య విరామం ఎంత తక్కువైతే అంత మంచిది. ఎక్కువ దూరంలో అడ్డంకులు కనిపెట్టాలంటే 38 కిలోహెర్ట్జ్‌తో ఎల్‌ఈడీని ఆడించి, ఆ వేగానికే స్పందించే టీఎస్ఓపీ రకం గ్రాహకాన్ని వాడండి. ఎక్కువ శక్తి గల పరారుణ ఎల్‌ఈడీలను దగ్గరనుంచి తేరిపార చూడవద్దు, కన్ను దాన్ని గుర్తించదు కాబట్టి రెప్ప వేయదు.

చిరుయంత్రం

మీరు చెప్పిన పద్ధతిలో కొలవడం మొదలుపెట్టాను. తల అరగదీయనప్పుడు దీపం సరిగ్గా ఎదురుగా ఉంటేనే తేడా తెలిసేది. మసక ముఖంతో పక్కకు చాలా దూరం జరిపినా రెండు కళ్ల కొలతలూ నిదానంగా మారుతూ దిక్కు చెబుతున్నాయి. కానీ రెండు చిక్కులున్నాయి. గది దీపం కింద కొలత ఒకచోట నిలవకుండా ఊగుతోంది, కిటికీ వెలుతురులో ఊగడం లేదు. అదికాక బోర్డులో ఒక కన్ను చీకట్లో కూడా ఎంతో కొంత వెలుతురు ఉన్నట్టే చెబుతోంది, ఎల్‌ఈడీ మార్చినా అదే తీరు.

సందేహి

రెండో చిక్కు ముందు. ఎల్‌ఈడీ మార్చినా పోలేదంటే లోపం బోర్డులో ఉంది. మనం కొలిచేది నానోఆంపియర్లు. 5 వోల్టుల మీద 5 వేల మెగోమ్‌ల దారి దొరికితే చాలు, ఒక నానోఆంపియరు కారిపోతుంది. సోల్డరింగ్ తర్వాత మిగిలిన ఫ్లక్స్ (సోల్డర్ అంటుకోవడానికి వాడే జిగురు పదార్థం), వేలిముద్రల చెమ్మ, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే పలక) పట్టీల మధ్య పేరుకున్న మట్టి, ఇవన్నీ అలాంటి దారులే. ఆ పిన్ చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ చూడండి. ఎల్‌ఈడీ నుంచి పిన్‌కు తీగ పొట్టిగా ఉండాలి. పొడుగు తీగ కెపాసిటెన్స్‌ను పెంచి కొలతను మందగింపజేస్తుంది, మోటారు రొదను కూడా లాక్కుంటుంది. మోటారు కాళ్ల మధ్య 100 నానోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ లేకపోతే ముందు అది పెట్టండి.

మొదటి చిక్కుకు కారణం గది దీపం మినుకు. విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ అయితే దీపం సెకనుకు 100 సార్లు, 60 అయితే 120 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మీ కొలత 3 మిల్లీసెకన్లలో ముగిస్తే, అది ఆ అలలో ఏ చోట పడిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒక్కసారి ఖాళీ అయ్యే సమయాన్ని కొలవడం మానేసి, 50 మిల్లీసెకన్ల గడువులో ఎన్నిసార్లు నింపి ఖాళీ చేయగలిగారో లెక్కపెట్టండి. 50 మిల్లీసెకన్లు 10 మిల్లీసెకన్లకు ఐదు రెట్లు, 8.33కు ఆరు రెట్లు, కాబట్టి ఏ సరఫరా కింద అయినా అలలు పూర్తిగా ఇమిడి సగటు నిలుస్తుంది. ఇంకో లాభం, ఈ లెక్క వెలుతురుతోపాటు నేరుగా పెరుగుతుంది, విలోమం తీసే పని ఉండదు. నేను మొదట ఈ పద్ధతిని వద్దన్నవాడినే, అయినా చేసేవారు సరిగా చేయాలి కదా.

తిరుగుకరెంటు

సందేహి గారి 50 మిల్లీసెకన్ల ఉపాయం చక్కనిది. దానికి ఒక షరతు: ఖాళీ అయ్యే సమయం 50 మిల్లీసెకన్లకన్నా చాలా తక్కువగా ఉండే వెలుతురులోనే లెక్క అర్థవంతంగా ఉంటుంది. మసక గదిలో ఒక్కసారి ఖాళీ కావడానికే 100 మిల్లీసెకన్లు పడితే పాత పద్ధతికి మారండి, అంతసేపట్లో మినుకు తనంతట తానే సగటైపోతుంది. డబ్ల్యూఎస్2812బీ పట్టీ కూడా బోర్డు మీద ఉంటే, వాటికి సమాచారం పంపేటప్పుడు చాలా లైబ్రరీలు ఇంటరప్టులను (సమయం లెక్కించడం వంటి పనులకు ప్రోగ్రామును క్షణం ఆపే సంకేతాలను) ఆపేస్తాయి. ఎల్‌ఈడీకి 30 మైక్రోసెకన్ల చొప్పున గడియారం నష్టపోతుంది. ఆ పని కొలత గడువు బయట పెట్టుకోండి.

ఓమ్‌రేఖ

వెలుగును పీడబ్ల్యూఎంతో (వేగంగా వెలిగించి ఆర్పుతూ) తగ్గించేవారికి చిన్న సూచన. కంటికి సగం అనిపించే ప్రకాశం అంకెల్లో సగం కాదు. 255లో 128 రాస్తే కంటికి ఇంకా చాలా ప్రకాశంగానే ఉంటుంది, 2.2 ఘాతం ప్రకారం 56 రాస్తే సగంలా తోస్తుంది. ఆర్డుయినో ఊనోలో 5, 6 పిన్‌ల మీద పీడబ్ల్యూఎం సుమారు 980 హెర్ట్జ్, మిగతా వాటి మీద 490. నిలబడి చూస్తే తేడా ఉండదు, పరుగెత్తే రోబో మీద మాత్రం 490 చుక్కల గీతలా కనిపించవచ్చు.

సౌరకీటకం

మైక్రోకంట్రోలర్ లేకుండానే ఎల్‌ఈడీ చేత నిర్ణయాలు చేయించిన సంప్రదాయం ఒకటుంది, మార్క్ టిల్డెన్ మొదలుపెట్టిన బీమ్ రోబోలు. వాటి సౌర ఇంజన్లలో తనంతట తాను మెరిసే ఎల్‌ఈడీని వోల్టేజి కాపలాదారుగా వాడతారు. చిన్న సౌరఫలకం వేల మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను నెమ్మదిగా నింపుతుంది. వోల్టేజి చాలినంత పెరిగి ఎల్‌ఈడీ మెరిసినప్పుడు దాని గుండా పారే కరెంటు 2ఎన్3906 ట్రాన్సిస్టర్‌ను తెరుస్తుంది, అది 2ఎన్3904ను తెరుస్తుంది, 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒకదాన్నొకటి పట్టి ఉంచుకుంటూ కెపాసిటర్ శక్తినంతా మోటారుకు ఒక్కసారిగా వదిలేస్తాయి. వోల్టేజి ఒక వోల్టు దరిదాపులకు పడ్డాక పట్టు వదిలి మళ్లీ నింపడం మొదలవుతుంది. మెరిసే స్థాయి ఎక్కువ కావాలంటే ఎల్‌ఈడీకి వరుసలో ఒక మామూలు సిలికాన్ డయోడు చేరిస్తే 0.6 వోల్టు పెరుగుతుంది. ఎండ మరీ తీవ్రమైతే సౌరఫలకం ఇచ్చే కరెంటే పట్టు వదలనివ్వక మోటారు కదలకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఫలకాన్ని అవసరానికి మించి పెద్దది పెట్టవద్దు.

చిరుయంత్రం

ఫ్లక్స్ కడిగాక రెండో కన్ను చీకటిని చీకటిగానే చూస్తోంది, 50 మిల్లీసెకన్ల లెక్కతో గది దీపం కింద కూడా కొలత నిలిచింది. మిగిలింది ఒక్కటే. 50 మిల్లీసెకన్లు కన్నుగా, 50 మిల్లీసెకన్లు దీపంగా మార్చుతుంటే ఎల్‌ఈడీ సెకనుకు 10 సార్లు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తోంది. నిలకడగా వెలుగుతూ కూడా చూడగలదా?

తిరుగుకరెంటు

మంచి వెలుతురులో కొంతవరకు చూడగలదు. 10 మిల్లీసెకన్ల చక్రంలో 8 దీపానికి, 2 కన్నుకు ఇస్తే కంటికి మినుకు దాదాపు తెలియదు, కానీ ఖాళీ అయ్యే సమయం 2 మిల్లీసెకన్లకన్నా బాగా తక్కువగా ఉండాలి. పైగా 100 హెర్ట్జ్ దీపం కింద మీ చక్రం దాని అలతో జతకట్టి ప్రతిసారీ ఒకే చోట చదువుతుంది. చక్రాన్ని 9 నుంచి 11 మిల్లీసెకన్ల మధ్య క్రమం లేకుండా మార్చుతూ ఉండాలి. మసక వెలుతురులో ఈ రెండూ పొసగవు. అక్కడ నా సలహా, రోబో కదులుతున్నప్పుడు దీపం, ఆగి దిక్కు చూసుకుంటున్నప్పుడు కన్ను. ఒక కన్ను చూస్తుండగా రెండో ఎల్‌ఈడీ వెలగకుండా చూసుకోండి, ఒకే రంగువి కాబట్టి పక్కదాని కాంతిని ఇది తప్పకుండా పట్టుకుంటుంది.

దిక్కు నిర్ణయించేటప్పుడు రెండు లెక్కల తేడాను మాత్రమే తీసుకోకండి. తేడాను వాటి మొత్తంతో భాగించండి. అప్పుడు పట్టపగలూ సాయంత్రమూ ఒకే అంకె ఒకే కోణాన్ని సూచిస్తుంది. చేత్తో అరగదీసిన రెండు ముఖాలు ఎప్పుడూ సరిసమానంగా ఉండవు కాబట్టి, రోబోను సమంగా వెలుతురు పడుతున్న తెల్ల గోడకు ఎదురుగా నిలబెట్టి, రెండు లెక్కల నిష్పత్తిని ఒకసారి ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా నిలిచే జ్ఞాపకంలో) దాచుకుని, ఎడమ కన్ను లెక్కను ప్రతిసారీ దానితో సరిచేయండి. ఎల్‌ఈడీ మార్చినప్పుడు, ముఖం మళ్లీ రుద్దినప్పుడు ఆ నిష్పత్తిని తిరిగి తీసుకోవాలి.